ఒక్కపొద్దు లెక్కలోకి రాదు

నా పేరు చెప్పను. చెప్పేంత ధైర్యమే ఉంటే ఈ సంగతి ఎప్పుడో, చెప్పవలసిన మనిషికే చెప్పి ఉండేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. నాకిప్పుడు కావలసింది అలాంటివాళ్ళే.

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు చూడటానికి చాలా చిన్నది. ఒక్క వాక్యం. "మొక్కు కోసం, దేవుడి కోసం ఉండే ఉపవాసాలను లెక్కలోకి తీసుకోవద్దు." ఇది రాసింది నేను. చదివితే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. అందరికీ అలాగే అనిపించింది. మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

మొదటినుంచీ చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి. ఈ కథ నాకు నేను చెప్పుకునేటప్పుడు ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నాకు అనుకూలంగా తిప్పేసుకుంటాను. ఈసారి తిప్పకుండా చెప్పగలనా? చూద్దాం.

మాది గుంటూరు వైపు. సైకాలజీలో ఎం.ఏ. చేశాను. మావారి ఉద్యోగం వల్ల దోహా వచ్చి, అల్ తుమామాలో కాపురం పెట్టాం. ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తాక, అల్ సద్‌లో ఒక మానసిక వైద్యుల క్లినిక్‌లో పరిశోధన పనికి కాంట్రాక్టు మీద చేరాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ ఒక పని తలపెట్టింది. తిండి చుట్టూ మనసుకు వచ్చే ఇబ్బందులను పట్టుకునే ప్రశ్నావళి ఒకటి ఇంగ్లీషులో ఉంది. కొందరు తిండి మానేస్తారు, కొందరు తిన్నది కక్కేస్తారు, కొందరు ఆపుకోలేక తింటూనే ఉంటారు. అలాంటివాళ్ళను ముందే గుర్తుపట్టడానికి ఆ ప్రశ్నలు. ఈ ఊళ్ళో ఉండే రకరకాల మనుషుల భాషల్లోకి వాటిని తేవాలన్నది ఆవిడ పట్టుదల. చైనీస్ పని మెయ్ అనే అమ్మాయికి ఇచ్చింది. తెలుగు నాకు ఇచ్చింది.

బయటివాళ్ళు ఇదంతా అనువాదమే కదా అనుకుంటారు. అనువాదం ఇందులో తేలిక భాగం. మనం రాసినదాన్ని ఇంకొకరు, అసలు ఇంగ్లీషు చూడకుండా, తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండూ సరిపోయాక మామూలు మనుషుల పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా చదివి, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. తేడా కనిపిస్తే ప్రశ్న మార్చుకుని మళ్ళీ కొత్త మనుషులతో మొదలుపెట్టాలి. ఇంకో నియమం కూడా ఉంది. అలా మాట్లాడుతున్నప్పుడు ఎవరైనా తమ బాధ బయటపెడితే, ప్రశ్నలు అక్కడితో ఆపేసి ఆ మనిషిని డాక్టరమ్మ దగ్గరికి చేర్చాలి. ఆ నియమం చదివి ఒప్పుకున్నాకే నాకు ఉద్యోగం ఇచ్చారు.

మెయ్ పని దగ్గర మహా మొండి. "ఆపుకోలేక తిన్నారా" అన్న ప్రశ్నకు ఆమె మనుషుల్లో చాలామంది ఔనన్నారట. ఎందుకో కూపీ లాగితే, పెద్దవాళ్ళు వడ్డించింది వదిలేస్తే బాగుండదు కాబట్టి పొట్ట పట్టకపోయినా తిన్నామన్నారు. అది జబ్బు కాదు, మర్యాద. ఈ తేడా తేల్చడం కోసం మెయ్ పని మొత్తం ఆపేసి మొదటికి వెళ్ళింది. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళతో భోజనాలకు కూర్చునేది. "నీ ప్రశ్నావళి అయ్యేసరికి మనిద్దరికీ మనవలు పుడతారు" అని ఏడిపించేదాన్ని. నవ్వేది కానీ తొందరపడేది కాదు.

నాకు తొందర ఉంది. డాక్టరమ్మ వేసవి సెలవులకు వెళ్ళేలోపు తెలుగు పూర్తయితే నా కాంట్రాక్టు పొడిగిస్తానంది. ఇది చెప్పుకోదగ్గ కారణం. చెప్పుకోలేనిది ఇంకోటుంది. మెయ్ కంటే ముందు ముగించాలని నాకు కోరిక. ఎందుకంత పంతం? ఆ పిల్ల నాకేం చేసింది? ఏమీ చేయలేదు. అందరూ ఆమె ఓపికను పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండేది, అంతే.

మా ఫ్లాట్లలోని ఆడవాళ్ళతో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళతో కూర్చోవడం అయిపోయింది. కూలీల క్యాంపుల్లో ఉండేవాళ్ళు మిగిలారు. క్లినిక్ శుభ్రం చేసే అతని ద్వారా గంగారాం పరిచయమయ్యాడు. జగిత్యాల వైపు మనిషి, షట్టరింగ్ మేస్త్రీ. దోహాకు దూరంగా, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దగ్గర వాళ్ళ క్యాంపు. అతని గదిలో వాళ్ళంతా ఒక మెస్. అంటే ఒకే పొయ్యి, ఒకే కుండ, వంతులవారీ వంట. అందరిలోకీ పెద్దవాడు కాబట్టి మెస్‌లో గంగారాం మాటే చెల్లుతుంది. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, అన్నీ అతనికి కావాలి. సెలవు రోజని శుక్రవారం రమ్మన్నాడు. భోజనాల హాల్లో ఒక మూల బల్ల వేసి, నాకు టీ తెచ్చిచ్చి, మనుషులను ఒక్కొక్కరినే పంపించాడు.

ఆఖర్న వచ్చినవాడు మల్లేశ్. ముప్పై దాటి ఉంటాయి. చొక్కా భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. అది నేను చూశాను. చూడలేదని చాలాసార్లు అనుకున్నాను కానీ చూశాను.

ఆరోజు మా ఇంటికి భోజనానికి మావారి ఆఫీసువాళ్ళు వస్తున్నారు. నా ధ్యాస సగం వంటింట్లో ఉంది. గబగబా చదువుతున్నాను. "గడిచిన నెలలో కావాలనే చాలాసేపు ఏమీ తినకుండా ఉన్న రోజులున్నాయా?"

"ఉన్నయి మేడం. ఒక్కపొద్దు ఉంటున్న."

దేవుడి పేరు మీద ఒక పూట మాత్రమే తిని ఉండటం. మా వైపూ ఉంది. ఏ వారం అని అడిగాను.

"సోమారం. శనారం. బేస్తారం గూడ." కాసేపు వేళ్ళు చూసుకున్నాడు. "ఇప్పుడైతే అన్ని దినాలు."

నాకు నవ్వొచ్చింది. "ఒక్క దేవుణ్ణీ వదల్లేదే మల్లేశ్! వాళ్ళలో వాళ్ళకి గొడవలొస్తాయి చూసుకో" అన్నాను.

అతనూ నవ్వాడు. నవ్వి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"దేవునికి గాదు మేడం. మీరు డాక్టర్ల దిక్కు నుంచి అచ్చిండ్రని చెప్తున్న. పోశెట్టని నా దోస్తు. సైట్ల అన్నం తినెతందుకు కూసున్నం. తొక్కు డబ్బ బస్సుల మర్చిపోయిన. పోయి తేరాదురా అన్న. పోయిండు. ట్రైలర్ ఎన్కకు అచ్చింది, వాన్ని సూస్కోలే. గప్పుడు నా నోట్ల ముద్ద ఉన్నది మేడం. గా ముద్ద ఇంక మింగనట్టే ఉంటది. ఏం తిన్నా గొంతుల్నే ఆగుతది. బలిమికి తింటే బాత్రూంల వొయ్యి కక్కుడే."

"మరి గంగారాంకి చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? మెస్‌ల ఒక్కడు తినకుంటే అందరు అడుగుతరు. కూసోబెట్టి తినిపిస్తరు. ఒక్కపొద్దంటే ఎవ్వరు బలిమి జెయ్యరు. గంగారామన్నయితే, పోరడు భక్తిల వడ్డడని సంబురపడ్తుండు." ఆగి, బల్ల అంచు పట్టుకుని అడిగాడు. "డాక్టరమ్మకు చెప్తే ఏమన్న మందిస్తదా మేడం? కంపెనీకి ఎరుకైతదా?"

"కంపెనీకి తెలియదు. డాక్టరమ్మతో మాట్లాడి నేనే ఫోన్ చేస్తాను" అన్నాను.

"యాది మర్వకుండ్రి మేడం."

నా నంబరు అతనికిచ్చి, అతనిది నా ఫోన్‌లో వేసుకున్నాను. "మల్లేశ్ షమాల్" అని. ఇంటికి వచ్చేసరికి ఆఫీసువాళ్ళు వచ్చేశారు. బిర్యానీ వడ్డించాను. దమ్ సరిగ్గా కుదిరిందని ఎవరో అంటే సంతోషించాను కూడా.

మర్చిపోయానా? లేదు. మర్చిపోయి ఉంటే అది వేరే తప్పు, దానికి ఇంత బరువు ఉండదు. మర్నాటి పొద్దున కారులో అల్ సద్ వెళుతూ మొత్తం ఆలోచించాను. డాక్టరమ్మకు చెబితే ఆవిడ వెంటనే పని ఆపించేస్తుంది. అతన్ని షమాల్ నుంచి రప్పించాలి, క్యాంపు బాసు దగ్గర సెలవు అడగాలి, అతని సంగతి బయటికి పొక్కకుండా చూడాలి. అంతటితో అయిపోదు. ఇలా ఒక్కపొద్దు చాటున దాక్కునేవాళ్ళు ఇంకెందరున్నారో తేల్చాలి. ఆ ప్రశ్న మార్చాలి. మళ్ళీ కొత్త మనుషులు, మళ్ళీ శుక్రవారాలు. మెయ్ లాగా నేనూ మొదటికి వెళ్ళాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాకు మెయ్ చేసిన పని గుర్తొచ్చింది. ఆమె ఒక ఆచారాన్ని కనిపెట్టి జబ్బు కాదని తీసి పక్కన పెట్టింది. నేనూ అదే చేస్తే? ఒక్కపొద్దు కూడా ఆచారమే కదా?

అలా పుట్టింది ఆ వాక్యం. మల్లేశ్ జవాబును దేవుడి ఉపవాసంగా రాసేశాను. పోశెట్టి గురించి ఒక్క ముక్క రాయలేదు. ప్రశ్న కింద ఆ వాక్యం చేర్చాను. పూర్తి చేసి ఇచ్చేశాను.

మీటింగులో డాక్టరమ్మ ఆ వాక్యాన్ని పైకి చదివి వినిపించింది. భాష వస్తే చాలదు, మనుషుల బతుకు తెలియాలి, ఇదిగో ఇలాంటి చూపు కావాలి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మెయ్ మాత్రం తర్వాత కాఫీ దగ్గర నెమ్మదిగా అడిగింది, అలా ఉపవాసం ఉన్నామన్నవాళ్ళలో తినలేక మానేసినవాళ్ళు ఎవరూ తగల్లేదా అని. ఎవరూ లేరన్నాను. కళ్ళలోకి చూసి చెప్పాను. ఆమె నమ్మింది. నేను అబద్ధం చెబుతానని ఆమెకు తోచనుకూడా తోచలేదు.

మల్లేశ్ ఫోన్ చేశాడు. చాలాసార్లు చేశాడు. పేరు కనిపించేది, మోగి మోగి ఆగిపోయేది. ఈ పని పూర్తయ్యాక మాట్లాడదాం అనుకున్నాను. పూర్తయ్యాక, ఇంత ఆలస్యమయ్యాక ఏం మొహం పెట్టుకుని మాట్లాడను అనుకున్నాను. అటు తిప్పినా ఇటు తిప్పినా ఎత్తకపోవడానికి ఒక కారణం దొరికేది. తర్వాత ఆ పేరు మోగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యను మీ దగ్గర దాచను.

ఎండలు తగ్గాక కార్తీక మాసం వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళం ఒక పార్కులో వనభోజనాలు పెట్టుకున్నాం. పట్టుచీర కట్టుకుని, కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డాను. అన్నం గరిటె పట్టుకుని ఎదురుగా గంగారాం. వంటకు సాయం వచ్చాడట. నన్ను గుర్తుపట్టి మొహం వెలిగింది. మరుక్షణం వాడిపోయింది.

"మేడం, మా మల్లేశ్ యాదికున్నడా? గా ఆఖర్న మాట్లాడిండు మీతోని."

నేను తల ఊపాను.

"సచ్చిపోయిండు మేడం."

ఎండాకాలంలో సైట్ మీద కళ్ళు తిరిగి పడిపోయాడట. ఒంట్లో సత్తువ లేదని కంపెనీ ఇంటికి పంపేసింది. ఊరికి చేరినా తినలేకపోయాడు. ఎముకల గూడయ్యాడు. కరీంనగర్ ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. ఇవన్నీ గంగారాం నా కంచంలో అన్నం పెడుతూ, పప్పు పోస్తూ చెప్పాడు. వెనక వరుస కదలడం లేదని ఎవరో గొణిగారు.

"మాదే పాపం మేడం. ఒక్కపొద్దంటే నమ్మినం. కండ్ల ముంగట ఎండుకపోతుంటే దేవుని మీద వెట్టి ఊకున్నం. ఒక్కనాడన్న రెక్క వట్టి కూసోవెట్టి, ఏమైందిరా అని అడగకపోతిమి. ఒక్క ముక్క చెప్పకపోయె. ఎవ్వలికీ చెప్పకపోయె." కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు. "నేను చిన్నప్పటి సంది సోమారం ఒక్కపొద్దు ఉంటుంటి మేడం. మా అమ్మ నేర్పింది. ఇడిసిపెట్టిన. దేవుని పేరు మీద ఆకలి వట్టాలంటే వాడే కండ్లవడ్తడు."

అప్పుడు చెప్పాలి. ఇప్పుడు ఇంత పొడుగ్గా చెబుతున్నాను కానీ అప్పుడు కావలసింది చిన్న మాట. ఎవరికీ చెప్పలేదనకు గంగారాం, నాకు చెప్పాడు. అంతే. నోరు తెరిచాను కూడా. "అయ్యో" అన్నాను. "మీరేం చేయగలరు గంగారాం గారూ, బాధపడకండి" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఎంత దయ పలికిందో నాకే వినిపించింది. ఇంకో గరిటె కూర వేసి, "తినుండ్రి మేడం, సల్లారుతది" అన్నాడు.

చెట్టు కింద కూర్చుని తిన్నాను. మొత్తం తిన్నాను. గొంతు దిగకపోతే బాగుండునని ఒక పక్క అనిపిస్తూనే ఉంది. దిగింది. వంకాయ కూర బాగుంది.

మల్లేశ్‌ను నేను చంపలేదు. ఈ మాట ఎన్నోసార్లు అనుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికి చేర్చినా అతను బతికేవాడో లేదో ఎవరికి తెలుసు? నిజమే, తెలియదు. తెలుసుకునే వీలు నేనే లేకుండా చేశాను. బతికేవాడు కాడేమో అన్న ఊహలోకి వెళ్ళి దాక్కోవాలనిపిస్తుంది, దాక్కున్న ప్రతిసారీ బల్ల అంచు పట్టుకున్న ఆ చేతులు గుర్తొస్తాయి, మందిస్తదా అని అడిగాడు కదా, బతకాలని లేనివాడు మందు అడుగుతాడా? అయినా నన్ను ఎక్కువగా కోసేది ఆ చావు కూడా కాదు. చావు మీద నాకు హక్కు లేదు, అది అతని తల్లిది, పెళ్ళానిది. నన్ను కోసేది గంగారాం. నా తప్పును ఆ మనిషి తన తప్పనుకుని మోస్తున్నాడు. తన దేవుణ్ణి కూడా దానికి ఇచ్చేశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించారు. మెయ్ తన పని నిదానంగా ముగించి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. నా తెలుగు ప్రశ్నావళి వాడకంలోకి వచ్చింది. ఎవరైనా ఒక్కపొద్దు అంటే ఆ జవాబు లెక్కలోకి రాదు. ఈ ఏళ్ళలో అలా ఎందరు మల్లేశ్‌లు దాటిపోయి ఉంటారు? ఎవరూ లేకపోవచ్చు. నాకు తెలియదు. తెలియకపోవడం నాకు అలవాటైపోయింది.

ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేపాలీ వాళ్ళకు కొత్తగా ప్రశ్నావళి తయారవుతోంది. ఆ పని చేస్తున్న అమ్మాయి మొన్న నా గదికి వచ్చి, "మేడం, మీ ఉపవాసం వాక్యం చాలా బాగుంది, మేమూ అలాగే పెట్టేస్తున్నాం" అంది. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆ వాక్యం తీసేయమని అడిగాను. ఎందుకని అడిగింది. ఇక్కడ మీరు నన్ను మెచ్చుకోబోతున్నారేమో, వద్దు. క్యాంపు మనుషులతో సరిపడా కూర్చోలేదు, మళ్ళీ పరీక్షించాలి అన్నాను. మల్లేశ్ పేరు ఎత్తలేదు. ఇన్నేళ్ళ తర్వాత తన పనినే తప్పుపట్టుకునే నిజాయితీ ఎందరికి ఉంటుందని ఆవిడ మళ్ళీ నన్నే పొగిడింది. వాక్యం ఆపేశారు. నేపాలీలో పెట్టడం లేదు, తెలుగులో మళ్ళీ చూస్తారట. అది మంచిదే. తప్పు దిద్దుతూ కూడా నన్ను నేను కాపాడుకున్నాను. నా తీరు ఇది.

గంగారాం ఇంకా షమాల్‌లోనే ఉన్నాడు. క్లినిక్‌లో అతన్ని ఎరిగినవాళ్ళు చెప్పారు. నంబరు కూడా ఇచ్చారు. ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కలేకపోయాను. అందుకని మీకు రాస్తున్నాను. మీరు క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పవలసిన మాట కనీసం నాకు నోరు తిరిగేలా ఒక్కసారి అనుకోవాలి.

గంగారాం గారూ, మల్లేశ్‌ది ఒక్కపొద్దు కాదు. అది నాకు అప్పుడే తెలుసు. అతను మీలో ఎవరికీ చెప్పలేదు, నాకు చెప్పాడు. మందు అడిగాడు. నేను ఫోన్ చేస్తానని చెప్పి, అతను చేస్తే ఎత్తలేదు.

రాశాను. గుండెల మీద ఉన్నది దిగలేదు, కాస్త పక్కకు జరిగింది. ఊపిరి ఆడుతోంది.

ఇవాళ సోమవారం. డ్యూటీ దిగి వచ్చి, గంగారాం ఈపాటికి మెస్‌లో అందరితోపాటు అన్నానికి కూర్చుని ఉంటాడు.